చీకటి మనువు వద్దన్న తులసి

ఆ రోజు మా పేట నుంచి ఒక్క పడవ కూడా వేటకి కదల్లేదు. గాలి అనుకూలంగా ఉంది, నెత్తళ్ళ చేపలు దండిగా పడుతున్నాయని ముందురోజే తెలుసు. అయినా సరే, తెల్లారేసరికి మగవాళ్ళు ఉతికిన చొక్కాలు తొడుక్కుని, ఆడవాళ్ళు తలలు దువ్వి పువ్వులు పెట్టుకుని నా అంగన్‌వాడీ కేంద్రం ముందు గుమిగూడిపోయారు. మాట్లాడింది రెండు ఆటోలు, ఎక్కడానికి తయారైంది పేటలో సగం మంది. ఎవరు ముందు కూర్చోవాలన్నదాని మీద అప్పుడే పోట్లాటలు కూడా అయిపోయాయి. తులసి కేసులో తీర్పు చెప్పేది ఆ రోజే మరి!

కేసు చిన్నదే. పెళ్లి చేసుకోకుండా ఒక మనిషితో ఏళ్ల తరబడి కాపురం చేసిన ఆడది, ఆ మనిషి చనిపోయాక అదే ఇంట్లో ఉండొచ్చా, పొమ్మంటే పోవాలా? ఇంతే. కానీ మా పేటలో ఎన్నికల గురించి కూడా ఎప్పుడూ అంతగా మాట్లాడుకోలేదు. పిల్లలకి ఉడికించిన గుడ్లు పెట్టే పని ఆయాకి అప్పజెప్పి, సెలవు చీటీ రాసి, నేనూ ఆటో ఎక్కేశాను.

నేను ఈ పేటలో అంగన్‌వాడీ టీచర్ని. పుట్టింది కోటబొమ్మాళి దగ్గర వరిచేల మధ్య. నౌపడ ఉప్పుమడులు దాటి వచ్చే ఈ ఇసక నేలకీ, ఎండుచేపల వాసనకీ అలవాటు పడడానికి నాకు చాలా రోజులే పట్టింది. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆయన అంటూంటారు. తులసి సంగతి చెప్పేటప్పుడు ఆ కోపం అక్కడక్కడా బయటపడుతుంది, మీరే సర్దుకోవాలి.

తులసిని మీరు చూసే ఉంటారు, నౌపడ నుంచి కోటబొమ్మాళి వైపు పాసింజరు రైలు ఎప్పుడైనా ఎక్కి ఉంటే. ఎండుచేపల బుట్టలు తలుపు దగ్గర పెట్టుకుని, పెట్టె మొత్తానికి వినపడేలా కబుర్లు చెప్పే పొడుగాటి మనిషి ఆవిడే. ఈ కంపేమిటని ఎవరైనా ముక్కు మూసుకుంటే, “ఇంటికెల్లి కూర తిన్నప్పుడు మూసుకుంటావేటి బాబూ?” అని పకపకా నవ్వేది. దిగేటప్పుడు బుట్ట తలకెత్తమని ఆ ముక్కు మూసుకున్నవాడినే అడిగేది. వాడూ ఎత్తేవాడు.

ఆవిడ మొదటి భర్త పెళ్లయిన ఏడాదికే సముద్రంలో పోయాడు. ఇరవై ఏళ్లకి విధవరాలై, పుట్టింట్లో చాకిరీ చెయ్యలేక, బుట్ట పట్టుకుని మా ఒడ్డుకి చేపలు కొనడానికి వచ్చింది. ఇక్కడ పడవ రాగానే చేపల్ని ఇసకలో కుప్పలు పోసి వేలం పాడతారు. మా పేటవాడే గంగులు. అతని పడవ కుప్పని తులసి పాడుకున్నప్పుడల్లా ఆవిడ బుట్టలో ఇంకో గుప్పెడు చేపలు ఎక్కువ వేసేవాడు. మాట్లాడేవాడు కాదు. వేసి అటు తిరిగిపోయేవాడు. ఇలా కొన్నాళ్లు జరిగాక తులసి ఒకరోజు బుట్ట ఇసకలో దింపేసి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. ఈ కథ తులసి స్నేహితురాలు అమ్మడు నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా లేచి నిలబడి తులసిలా అభినయిస్తుంది.

“ఒరే గంగులూ! ఊరకే ఎవడూ గుప్పెడు సేపలు ఎక్కువెయ్యడు. ఎందుకేస్తన్నావో అందరి ముందరా సెప్పు!”

గంగులు నేల చూశాడట. “పెల్లాడతావేమోననీసి ఏస్తన్నాను” అన్నాడట.

“అలగైతే ఇంకో గుప్పెడెయ్యి. ఆలోసించుకుంటాను.”

ఒడ్డు ఒడ్డంతా గొల్లున నవ్వింది. తులసి ఎంతోసేపు ఆలోచించుకోలేదు కూడా. బ్రహ్మచారి, పనిమంతుడు, తాగడు, ముఖ్యంగా తనని చూసి సిగ్గుపడతాడు. అడ్డం వచ్చింది గంగులు తల్లి తాతమ్మ. ఆవిడ పెళ్లి వద్దనలేదు, అది మాత్రం చెప్పాలి. కానీ మా పేటలో పెద్దవాళ్ళు పాటించే ఆనవాయితీ ఒకటుంది. భర్త పోయిన ఆడది మళ్లీ మనువాడితే అది రాత్రిపూట, వీధి సద్దుమణిగాక, మేళం లేకుండా జరగాలి. ముత్తయిదువులు ఎవరూ ఆ తంతు చూడకూడదు. పుస్తె కట్టేటప్పుడు దీపం కూడా మూల పెడతారు.

“పొద్దున్న పూట, పదిమందీ సూస్తుండగా కడితే కట్టించుకుంటాను” అంది తులసి తాతమ్మతో. “సీకట్లో కట్టించుకోడానికి నానేటి దొంగతనం సేసినానా?”

“పెద్దోలు పెట్టిన పద్దతి. నీ కోసరం మారస్తామేటే?” అంది తాతమ్మ.

“మార్సొద్దు. నాకు పెల్లే ఒద్దు.”

అందరూ గంగులు వైపు చూశారు. అతను కాసేపు బుర్ర గోక్కున్నాడు. తర్వాత తులసి చేపల బుట్ట ఎత్తి తన తల మీద పెట్టుకుని, “పదయే, ఇంటికెల్దాం” అన్నాడు. మా పేటలో మగవాడు ఆడదాని బుట్ట నెత్తిన పెట్టుకుని వీధిలో నడవడం అదే మొదలట. అలా పెళ్లి ఆగిపోయింది, కాపురం మొదలైంది.

ఆ ఇంటికి ఒకే చూరు కింద మూడు గదులు. ఒకదానిలో తాతమ్మ, ఒకదానిలో గంగులు తమ్ముడు ఎర్రన్న సంసారం, సముద్రం వైపు గదిలో గంగులూ తులసీ. మొదట్లో తాతమ్మ తులసి చేతి నీళ్ళు కూడా ముట్టలేదు. తర్వాత ఒక వానాకాలంలో జ్వరం వచ్చి పడుకుంటే తులసే గంజి కాచి పోసింది. కోలుకున్నాక కూర తులసే వండాలని పేచీ పెట్టడం మొదలుపెట్టింది. తులసి కోటబొమ్మాళి సంతలో మట్టిగాజులు కొనుక్కుని రెండు చేతులకీ మోచేతి దాకా వేసుకునేది. ఎవరేమనుకుంటారో అన్న భయం ఆ మనిషికి పుట్టుకతోనే లేదు. నేను ఈ పేటకి కొత్తగా వచ్చి ఇంటింటి సర్వే చేసినప్పుడు, భర్త పేరు ఏం రాయమంటావని మొహమాటంగా అడిగాను.

“గంగులని రాసుకో టీచరమ్మా. పెల్లి నేదు, మనిసున్నాడు” అంది. వెనకాల వల బాగుచేసుకుంటున్న గంగులు మెడ వంచి నవ్వుకోవడం నేను చూశాను.

ఆ గంగులు కిందటి వేసవి వెళ్ళాక, వేట నిషేధం ఎత్తేసిన కొత్తల్లోనే, ఒడ్డున వల లాగుతూ కూలిపోయాడు. ఆస్పత్రికి చేరలేదు. పదో రోజున సముద్రం దగ్గర జరగాల్సినవి జరిగాయన్నారు. నేను ఆ రోజు శ్రీకాకుళంలో మీటింగులో ఇరుక్కుపోయాను. మర్నాడు పొద్దున్న వచ్చి చూద్దును కదా, తులసి తన బుట్టా, రెండు చీరలూ పక్కన పెట్టుకుని నా కేంద్రం అరుగు మీద కూర్చుని ఉంది. చేతులకి గాజులు లేవు. ఎదురుగా గంగులు ఇంట్లో సముద్రం వైపు గదికి కొత్త తాళం వేలాడుతోంది.

ఎర్రన్న చెడ్డవాడని నేను చెప్పను. కొడుకు ధనరాజ్‌కి పెళ్లి కుదిరింది, వచ్చే కోడలికి ఒక గది కావాలి. ఆ గది ఎక్కణ్నించి వస్తుందా అని చూస్తే అన్న గది కనబడింది. అడిగి ఉంటే తులసి ఏదో ఒకటి సర్దేది. అడగలేదు. “పెల్లి నేనిదానికి మా ఇంట్లో హక్కేటి?” అని వీధిలో నిలబడి అరిచాడు. తాతమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత అన్యాయమా అని నేను ఊగిపోతుంటే, తులసి లేచి చీర దులుపుకుంది.

“టీచరమ్మా, కోర్టు ఎక్కడుంటాదో సూపించు.”

టెక్కలిలో మురళీమోహన్ అనే లాయరు మా ఆయనకి స్నేహితుడు. తులసికి అమ్మడి ఇంట్లో బస కుదిర్చి, నేనూ తులసీ ఆయన దగ్గరికి వెళ్ళాం. అంతా విని ఆయన హుషారుగా పిటిషను రాయడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యంలోనే ‘గంగులు భార్య తులసి’ అని చదివాడు.

“ఆ మాట కొట్టీండి బాబూ” అంది తులసి.

మురళీమోహన్ ఓపిగ్గా చెప్పాడు. ఆడా మగా చాలాకాలం కలిసి బతికితే వాళ్లకి పెళ్లయినట్టే కోర్టు అనుకుంటుందట. కాలేదని అవతలివాళ్లే రుజువు చేసుకోవాలట. “నువ్వు మాత్రం కాలేదని నీ నోటితో అనకమ్మా. ఎవరైనా అడిగితే గుళ్లో దండలు మార్చుకున్నామను. ఎవరు చూడొచ్చారు?”

“నాను సూసినాను గదా బాబూ. అవ్వనేదు.”

“కేసు పోతుందమ్మా!”

“పోతే పోనీండి. సీకటి పెల్లి ఒద్దనీసి ఇంత బతుకూ బతికినాను. ఇప్పుడు నేని పెల్లి ఉన్నాదని సెప్పి ఆ గదిలోకెల్తే, రోజూ ఆ గోడల్ని ఎలగ సూడమంటారు?”

మురళీమోహన్ కళ్లజోడు తీసి బల్ల మీద పడేశాడు. నాకూ కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయిందని తులసి మీదా, అబద్ధం ఆడించాలని చూసినందుకు లాయరు మీదా. బస్సులో తిరిగొస్తూ ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ మాత్రం పక్కావిడతో రొయ్యల ధర గురించి వాదించుకుంటూ వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఫోను. “టీచర్ గారూ, ఆవిణ్ని తీసుకుని వెంటనే రండి! అబద్ధం అక్కర్లేదు!” మురళీమోహన్ గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. వెళ్తే, పుస్తకాలన్నీ పరుచుకుని కూర్చున్నాడు. గృహహింస చట్టం ఉంది కదా, అది పెళ్లయిన వాళ్లకి మాత్రమే కాదట. పెళ్లి కాకపోయినా పెళ్లిలాంటి బంధంలో ఒకే ఇంట్లో ఉన్న ఆడమనిషికి కూడా వర్తిస్తుందట. ఇల్లు ఆవిడ పేరున లేకపోయినా, ఆ మగమనిషి బంధువులు ఆవిణ్ని ఊరికే గెంటెయ్యడానికి వీల్లేదట. “ఆస్తిలో వాటా వేరే సంగతి, అది మనం అడగడం లేదు. ఆ గదిలో ఉండే హక్కు అడుగుదాం. ఈవిడ విధవరాలు, ఆయన బ్రహ్మచారి, ఇద్దరికీ పెళ్లి చేసుకునే వీలు ఉండేది కాబట్టి ఆ చిక్కు కూడా లేదు. ఇక రుజువు చెయ్యాల్సింది ఒక్కటే. లోకం వీళ్లని ఆలుమగలుగా చూసిందా, లేదా?”

“లోకమంటే ఎవలు బాబూ?” అంది తులసి.

“మీ పేట. ముఖ్యంగా ఆ ఇంటివాళ్లు.”

తులసి మొహం కాస్త మారింది. పిటిషను వేశాం. అది తేలేదాకా ఆ గది తాళం వేసే ఉంది, ధనరాజ్ పెళ్లీ ఆగింది.

విచారణ రోజు వచ్చింది. ఎర్రన్న తరఫు లాయరు గణపతిరావు గారు జుట్టు నెరిసిన మనిషి, మాట తేనెలా ఉంటుంది. తులసిని బోనులో నిలబెట్టి, గంగులుకీ నీకూ పెళ్లి జరిగిందా అని అడిగాడు.

“నేదు బాబూ.”

గణపతిరావు గారి మొహం వెలిగిపోయింది. అంత తేలిగ్గా ఒప్పేసుకుంటుందని ఆయన అనుకోలేదు. పెళ్లి కానప్పుడు ఆమె ఆ ఇంట్లో వంటకి పెట్టుకున్న మనిషేనని, జీతం బదులు తిండీ నీడా ఇచ్చారని మేజిస్ట్రేటుకి చెప్పాడు. వంటమనిషా! నేను బెంచీ మీంచి లేవబోతే అమ్మడు నా చీర పట్టుకుని లాగేసింది. మేజిస్ట్రేటు ఒక చిన్న వయసు ఆవిడ. పెళ్లి ఎందుకు చేసుకోలేదమ్మా అని తులసినే నేరుగా అడిగింది. తులసి దాచకుండా చెప్పింది. రాత్రి తంతూ, మూల దీపం, బుట్ట నెత్తిన పెట్టుకున్న గంగులు, అన్నీ. కోర్టులో అటూ ఇటూ తిరిగే గుమాస్తాలు కూడా ఆగిపోయి విన్నారు.

మా వైపు అమ్మడూ, నేనూ, వేలం పాడే పెద్దాయనా సాక్ష్యం చెప్పాం. వీళ్లంతా ఆమె స్నేహితులే కదా అని గణపతిరావు గారు ఒక్క మాటతో తీసిపారేశాడు. ఆ తర్వాత ఎర్రన్న దర్జాగా తన సాక్షిని పిలిపించాడు. తాతమ్మ! ఆ పెళ్లిని ఆపిన మనిషి కంటే పెళ్లి కాలేదని చెప్పడానికి గట్టి సాక్షి ఎవరుంటారు? కర్ర పట్టుకుని, వంగిపోయి, ఎవరినీ చూడకుండా వచ్చి నిలబడింది.

“మీ పెద్దకొడుక్కి పెళ్లయిందా?”

“నేదు.”

“ఈ తులసి మీకు కోడలా?”

“కోడలెలగవుతాది? ఆ పెల్లి ఆపింది నానే.”

గణపతిరావు గారు కూర్చున్నాడు. అయిపోయింది అనుకున్నాను. మురళీమోహన్ లేచాడు గానీ ఏం అడగాలో ఆయనకే తోచనట్టు కాగితాలు తిరగేస్తున్నాడు. అప్పుడు తులసి వెనకనుంచి ఆయన నల్లకోటు అంచు పట్టుకుని గుంజి, గుసగుసగా, అంటే మాకందరికీ వినపడేలా, “పదో రోజు ఏటి సేసినారో అడగండి బాబూ. ఆయమ్మ అబద్దమాడదు” అంది.

లాయర్లు జవాబు తెలియని ప్రశ్న అడగరని మురళీమోహనే తర్వాత నాతో అన్నాడు. ఆ రోజు అడిగాడు.

“మామ్మా, మీ అబ్బాయి పోయాక పదో రోజున ఏం చేశారు?”

“ఏటి సేస్తారు? సెయ్యాల్సిందే సేసినాం. సంద్రం ఒడ్డుకి తీసుకెల్లి తానం సేయించి, బొట్టు సెరిపీసినాం. గాజులు బద్దలు కొట్టీసినాం.”

“ఎవరి గాజులు?”

“ఎవలివేటి బాబూ?” తాతమ్మకి చిరాకు వచ్చింది. కర్రతో తులసిని చూపించింది. “దానివే.”

“కొట్టింది ఎవరు?”

“నాను. అత్తే గదా కొట్టాల?”

ఎర్రన్న నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. మేజిస్ట్రేటు రాయడం ఆపి, “ఇంకొకసారి చెప్పండి మామ్మా” అంది. ఇన్నాళ్లూ మా కళ్ల ముందు ఉన్నదే కదా ఇది! ఒడ్డున పేట పేటంతా చూసింది. ఎవరికీ ఇది సాక్ష్యమని తట్టలేదు, ఎందుకంటే మొగుడు పోయిన ఆడదానికి అది ఎప్పుడూ జరిగేదే. కాలేదన్న పెళ్లికి విధవని మాత్రం చేశారు. అది కూడా పట్టపగలు, పదిమంది ముందు, ముత్తయిదువులందరూ చూస్తుండగా! ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు కోపం ఆగదు.

తాతమ్మ తన కుడిచెయ్యి వంక చూసుకుంది. ఆవిడకి అప్పుడే ఏదో తట్టినట్టుంది. ఎవరూ అడక్కుండానే మేజిస్ట్రేటు వైపు తిరిగింది.

“తల్లీ, వొంటమనిసి గాజులు ఎవలూ కొట్టరు. మా ఇంటిది గనక కొట్టినాను. ఇంక నన్నేటీ అడగొద్దు, ఇంటికంపీండి.”

తీర్పుకి వాయిదా వేశారు. ఆ వాయిదా రోజే మేమంతా ఆటోల్లో కిక్కిరిసి బయల్దేరిన రోజు. ఆటో నడిపే అసిరయ్యకి అటొకరు ఇటొకరు వేలాడుతున్నారు. తులసి మాత్రం పొద్దున్నే నౌపడ స్టేషన్లో చేపలమ్మేసి, రైలెక్కకుండానే పరుగున వచ్చి మమ్మల్ని కలిసింది. ఒక రోజు బేరం ఎందుకు పోగొట్టుకోవాలి అంది. చేతులు చేపల వాసన కొడుతున్నాయని కోర్టు కుళాయి దగ్గర మూడుసార్లు కడుక్కుంది. అప్పుడు తెలిసింది నాకు, ఈవిడకీ భయంగానే ఉందని.

మేజిస్ట్రేటు ఇంగ్లీషులో ఉన్న తీర్పు చదివి, తర్వాత మా మొహాలు చూసి తెలుగులో చెప్పింది. వీళ్లిద్దరికీ పెళ్లి జరగలేదు. కానీ ఆలుమగల్లాగే ఒకే ఇంట్లో బతికారు. ఆ ఇంటివాళ్లూ ఊరూ వాళ్లని అలాగే చూశారు. కనుక తులసి కాపురమున్న గదిలోంచి ఆమెని ఎవరూ పంపించడానికి వీల్లేదు. ఎర్రన్న తాళం తీసి గది ఆమెకి అప్పగించాలి.

అమ్మడు “ఓలమ్మో!” అని పెట్టిన కేకకి బంట్రోతు పరిగెత్తుకొచ్చాడు. మేం అందరం నోళ్లు మూసుకుని ఒకళ్లనొకళ్లం గిల్లుకుంటున్నాం. తులసి మాత్రం చెయ్యి ఎత్తింది.

“తల్లీ, పెల్లామనీసి రాసినారేటి?”

“లేదమ్మా. మీరు చెప్పిందే రాశాను.”

“అలగే ఉంచండి” అంది తులసి. మేజిస్ట్రేటు నవ్వు ఆపుకోవడానికి తల దించుకుంది.

బయటికి రాగానే ఇంక మమ్మల్ని పట్టేవాళ్లు లేరు. అమ్మడు మురళీమోహన్ గారి చెయ్యి పట్టుకుని తిప్పేసింది. ఆయన ఫైలు కింద పడిపోయి కాగితాలన్నీ ఎగిరిపోతే అందరం పరిగెత్తి ఏరాం. గణపతిరావు గారు కూడా ఆగి, “నలభై ఏళ్ల ప్రాక్టీసులో నన్ను ఓడించే సాక్షిని నేనే బోనెక్కించడం ఇదే మొదలు” అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఎర్రన్న చెట్టు కింద తాతమ్మని పట్టుకుని నిలబడ్డాడు. వాళ్లు వచ్చిన బస్సు వెళ్ళిపోయింది.

“ముసిల్దాన్ని ఎండలో నిలబెడతావేటిరా? ఆటో ఎక్కించు” అంది తులసి. ఎర్రన్న ఎక్కించాడు. తను వెనకాల వేలాడాడు. టెక్కలి నుంచి ఉప్పుమడుల దాకా అసిరయ్య హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. దారిలో కనపడ్డ ప్రతివాడికీ, తెలిసినా తెలియకపోయినా, “గెలిసీసినాం!” అని అరుచుకుంటూ వచ్చాం.

పేటలో మేం దిగేసరికి రానివాళ్లు కూడా వీధిలోకి వచ్చేశారు. అందరూ ఆ గది ముందు నిలబడ్డారు. ఎర్రన్న తాళం దాకా వెళ్ళి ఆగిపోయాడు.

“తాళంచెవి ఏదిరా?” అంది తులసి.

ఎర్రన్న నేల చూశాడు. “నువ్వు కేసేసిన రోజే సంద్రంలో ఇసిరీసినాను. నీకు తియ్యనని గంగమ్మతల్లి మీద ఒట్టేసి.”

వీధంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. ధనరాజ్ పరిగెత్తుకెళ్ళి సుత్తి తెచ్చాడు. ఎర్రన్నే కొట్టాల్సి వచ్చింది. ఆ తాళం మంచి తాళం, ఉప్పుగాలికి బిగుసుకుపోయి ఉంది. అతను చెమటలు కక్కుతూ కొడుతుంటే ప్రతి దెబ్బకీ పిల్లలు ఈలలు వేశారు. చివరికి కొక్కెంతో సహా ఊడి కింద పడింది. తులసి కొంగు నడుముకి దోపుకుని, నవ్వుతూనే తలుపు తోసి లోపలికి వెళ్ళింది. నేను గడప దాకా వెళ్ళాను.

ఏడాది మూసి ఉన్న గది. గాలంతా చెమ్మ వాసన. దండెం మీద గంగులు లుంగీ, వేటకి వెళ్ళిన రోజు పొద్దున్న విప్పి వేసింది వేసినట్టే వేలాడుతోంది. తులసి చెయ్యి చాపి దాన్ని ముట్టుకుంది. తర్వాత దాన్ని లాగి మొహానికి అదుముకుని నేల మీద కూలబడిపోయింది.

అలాంటి ఏడుపు నేను నా జన్మలో వినలేదు. గంగులు పోయిన రోజున శవం పక్కన కూర్చోబోతే, ‘నువ్వెవలివని ముందుకెల్తన్నావు?’ అని చుట్టాల్లో ఎవరో అన్నారట. ఆ మాటకి ఏడుపు గొంతులోనే ఆగిపోయిందని, ఆ తర్వాత గాజులు కొట్టినప్పుడు కూడా రాలేదని తర్వాతెప్పుడో నాతో చెప్పింది. ఏడాదిపాటు ఆగిపోయిందంతా ఇప్పుడు వీధి చివరిదాకా వినపడేలా బయటికి వచ్చింది. పిల్లల ఈలలు ఆగిపోయాయి. నా కళ్లలోంచి నీళ్ళు కారుతున్నాయని అమ్మడు కొంగు అందించే దాకా నాకు తెలియలేదు.

తాతమ్మ కర్ర గోడకి ఆనించి, గోడ పట్టుకుని నడుచుకుంటూ లోపలికి వెళ్ళి తులసి పక్కన చతికిలబడింది. కాసేపటికి లోపల్నించి రెండు గొంతులు వినిపించాయి. ఎర్రన్న సుత్తి చేతిలో పట్టుకునే గుమ్మం మీద కూర్చుండిపోయాడు.

“ఊరుకో వొదినా” అన్నాడు. “ఊరుకో.”

తులసి ఊరుకోలేదు. ఊరుకోమని మేమెవరం అనలేదు.